తాతల నాటి పెట్రోల్ పంపు: బ్లాస్టింగ్ చేయించాలా, పాత రంగే ఉంచాలా?

భీమిలి_మనవడు
తాతగారి బంకులోని పంపు మా వాటాకి వచ్చింది. గుండ్రటి గడియారం డయల్, అంకెలు గ్యాలన్లలో, ధరల పట్టీ రూపాయలు అణాల్లో. అడుగు భాగం తుప్పు తినేసింది, తలుపుల మీద రంగు పెచ్చులు లేస్తోంది. విశాఖ ఆటోనగర్‌లో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి రేణువులు చిమ్మి రంగూ తుప్పూ గీకెయ్యడం) చేయించి కొత్త రంగు వేయించమని బావ, అసలు ముట్టుకోవద్దని బాబాయి. వరండాలో పెడతాం, పెట్రోల్ పొయ్యం. ఏం చెయ్యమంటారు?

ఆటోనగర్_పెయింటర్
బావగారు చెప్పిందే చెయ్యండి. అందం కోసం కాదు, ఉప్పు కోసం. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు తుప్పు గుంటల అడుగున కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఆ ఉప్పు నీళ్ళు పీల్చుకుంటుంది. మన ఊళ్ళో అది రోజూ జరిగేదే. దాని మీద మైనం పూసినా, వార్నిష్ కొట్టినా లోపల తుప్పు పాకుతూనే ఉంటుంది, ఏడాది తిరక్కుండా పొక్కులొస్తాయి. ఇనుము తెల్లగా వచ్చేదాకా కొట్టించి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అదే రోజు జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు ఆపే అడుగు రంగు) రెండు కోట్లు, ఆపైన పీయూ (పాలీయురెథేన్) రంగు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు, పొద్దెక్కాక వేయించండి. తేమ 85 శాతం మించితే స్ప్రే గన్ను పట్టుకోకూడదు.

పాత_పొరలు
ఉప్పు సంగతి నిజమే, మందు మాత్రం తప్పండి. తలుపుల రేకు పల్చన. ఎక్కువ ప్రెషర్‌తో కొడితే రేణువుల దెబ్బలకి అలలు తేలుతుంది, దాన్ని మళ్ళీ చదును చెయ్యడం ఎవరి తరమూ కాదు.

అసలు ఆ రంగులో ఏముందో చూశారా? ధరల పట్టీలో అణాలున్నాయంటే 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు తయారైన పంపు. విదేశీ పెట్రోల్ కంపెనీ కాల్టెక్స్ రిఫైనరీ మన ఊళ్ళో మొదలైందీ ఆ ఏడాదే. 1978లో అది ప్రభుత్వ సంస్థ హెచ్‌పీసీఎల్‌లో (హిందుస్థాన్ పెట్రోలియం) కలిసిపోయింది. బంకు చేతులు మారినప్పుడల్లా పాత రంగు మీదే కొత్త రంగు కొట్టేవారు. తలుపు లోపలి అంచున రూపాయి బిళ్ళంత చోట 600 నంబరు వాటర్ పేపర్‌ని (నీళ్ళతో వాడే గరుకు కాగితం) తడిపి నెమ్మదిగా రుద్దండి. ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా పొరలన్నీ బయటపడతాయి. ఏ కంపెనీ రంగు ఎన్నోదో అక్కడే తెలుస్తుంది. గీకించేస్తే ఆ సాక్ష్యం మళ్ళీ రాదు.

ఒక హెచ్చరిక: పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా రుద్దొద్దు, గ్రైండర్ అసలే వద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

సింధియా_ఫిట్టర్
ఇద్దరూ పంపంతా ఒకే వస్తువన్నట్టు మాట్లాడుతున్నారు. విప్పితే నాలుగైదు లోహాలు తేలతాయి, ఒక్కోదానికి ఒక్కో పని.

ముందు లోపలి పెట్రోల్ సంగతి చూడండి. మీటరులో, పెట్రోల్లోంచి గాలిని వేరుచేసే ఎయిర్ సెపరేటరులో అడుగున మిగిలిన జిగురు నుంచి ఏళ్ళ తర్వాత కూడా ఆవిరి వస్తుంది. ప్లగ్గులు విప్పి, పూర్తిగా కార్చి, నీళ్ళు నింపి కడిగేదాకా వెల్డింగూ వద్దు, బిగుసుకున్న బోల్టుకి గ్యాస్ మంటా వద్దు. అల్యూమినియంలో పట్టేసిన ఇనుప స్క్రూలకి తుప్పు వదిలించే నూనె పోసి రెండు రోజులు వదిలెయ్యండి. బిగించేటప్పుడు నైలాన్ వాషర్ వెయ్యకపోతే మళ్ళీ పట్టేస్తుంది.

అడుగు ఫ్రేము, బ్రాకెట్లు: వీటికి సోడా తొట్టి, అంటే సోడా నీళ్ళలో ముంచి కరెంటుతో తుప్పు వదిలించడం. పది లీటర్ల నీళ్ళకి నాలుగు టేబుల్ స్పూన్ల చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు. నెగెటివ్ తుప్పు ముక్కకి, పాజిటివ్ పనికిరాని ఇనుప రేకుకి. స్టీలు గిన్నెల స్టెయిన్‌లెస్ పెట్టారో, విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి. తుప్పుతో పాటు లోపలి ఉప్పునీ లాగేస్తుంది, అందుకే మన ఊరికి ఇది మేలు. అల్యూమినియం నాజిల్ మాత్రం అందులో వెయ్యకండి, తినేస్తుంది.

బాత్రూమ్ యాసిడ్ ఎవరు చెప్పినా వినొద్దు. అది హైడ్రోక్లోరిక్, వదిలించాల్సిన క్లోరైడునే (ఉప్పులో ఉండేదే) మళ్ళీ ఎక్కిస్తుంది.

వైరింగ్ అంతా పీకెయ్యండి. పాత రబ్బరు తొడుగు వేలు తగిలితే పొడైపోతుంది. దీపం పెట్టాలంటే ఎర్త్‌తో సహా మూడు కోర్ల వైరు, ఎల్ఈడీ.

ఆటోనగర్_పెయింటర్
ఫ్రేము వరకూ ఒప్పుకుంటాను. తలుపుల మీద లేచిన పెచ్చుల కింద ఉప్పు ఉండదా మరి?

పాత_పొరలు
ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన దూదితో చాలాసార్లు అద్దాలి. ఆరాక లేచిన అంచుల కింద పారలాయిడ్ బి-72ని (పాత వస్తువులు అతికించే యాక్రిలిక్ రెజిన్) అసిటోన్‌లో 5 శాతం కలిపి సన్న కుంచెతో దించితే పెచ్చు అతుక్కుంటుంది. ముందు ఓ మూల పరీక్షించండి, కొన్ని రంగుల్ని అసిటోన్ కరిగించేస్తుంది. పైన మైక్రోక్రిస్టలిన్ వ్యాక్స్ (పెట్రోలియం నుంచి తీసే మైనం), ఏటా వానల ముందు మళ్ళీ. వరండా అయితే కష్టం, గదిలో పెట్టండి. డయల్ పింగాణీ ఎనామెల్ అయితే ఊడిన చోట రంగు నింపొద్దు, అలాగే వదిలెయ్యండి.

ఆటోనగర్_పెయింటర్
గదిలో పెడతానంటే తలుపుల మీద పట్టు వదులుతాను. వరండాలోనే అంటే మాత్రం నా మాట మార్చను.

భీమిలి_మనవడు
హాల్లో పెట్టడానికి ఇంట్లో ఒప్పిస్తాను. ఉప్పు పోయిందని ఎలా తెలుస్తుంది?

సింధియా_ఫిట్టర్
కడిగిన చివరి డిస్టిల్డ్ వాటర్ కొంచెం గాజు గ్లాసులో పట్టి, సిల్వర్ నైట్రేట్ ద్రావణం రెండు చుక్కలు వెయ్యండి. సోడా తొట్టిలోంచి తీసిన ముక్కలైతే సోడా పూర్తిగా పోయేలా కడిగాకే, లేకపోతే సోడాకే తెల్లబడుతుంది. కుళాయి నీళ్ళతో చెయ్యకండి, వాటిలోనే క్లోరైడు ఉంటుంది. తెల్లగా మబ్బు కడితే ఇంకా కడగాలి. తేటగా ఉంటే రంగైనా వెయ్యొచ్చు, మైనమైనా పుయ్యొచ్చు.