సుజౌ తోటలు: మళ్ళీ కట్టినదాన్ని పాతది అనొచ్చా?

పెన్నాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను మూడేళ్ళుగా షాంఘైలో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న ఏప్రిల్‌లో అమ్మానాన్నలు వస్తే సుజౌ చూపిద్దామని తీసుకెళ్ళాను. హైస్పీడ్ రైల్లో అరగంట ప్రయాణం. అక్కడి పాత తోటల్లో తొమ్మిదింటికి యునెస్కో గుర్తింపు ఉంది. నాలుగింటికి 1997లో, మిగతా ఐదింటికి 2000లో వచ్చింది.

ల్యూ యువాన్ అనే తోటలో మా గైడ్ "ఇది 1593 నాటిది" అని పదే పదే చెప్పింది. నాన్న రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఒక హాల్లో స్తంభం మీద చెయ్యి వేసి నిమిరి, "ఇది నాలుగు వందల ఏళ్ళ కర్ర కాదురా" అన్నారు. గట్టిగా అడిగితే, 1953లో తోట మొత్తం బాగుచేశారని గైడ్ అప్పుడు చెప్పింది. అంతే, నాన్నకి ఆసక్తి పోయింది. మిగతా సమయమంతా నీడలో ఒక బల్ల మీద కూర్చుండిపోయారు. ఎంతో ఆశతో తీసుకెళ్ళినవాణ్ణి, ఆయన్ని అలా చూసి నాకు చాలా బాధేసింది.

నా ప్రశ్న ఇదే. డెబ్బై ఏళ్ళ క్రితం తిరిగి నిలబెట్టినదాన్ని నాలుగు వందల ఏళ్ళ తోట అనడం న్యాయమేనా? నా మట్టుకు నాకు కాదనే అనిపిస్తోంది.

రాతిమనిషి

మీ నాన్నగారి చెయ్యి అబద్ధం చెప్పలేదు. పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో నియమాలు చెప్పే అంతర్జాతీయ పత్రం, 1964 వెనిస్ చార్టర్‌లో ఒక మాట ఉంది: ఊహ ఎక్కడ మొదలవుతుందో అక్కడ పునరుద్ధరణ ఆగిపోవాలి. కొత్తగా చేర్చిన భాగం కొత్తదని చూడగానే తెలియాలి. పాత కట్టడాల విషయంలో ఇంతకంటే మంచి నియమం నాకు తెలియదు.

సుజౌలోనే షియాంగ్‌మెన్ కోటద్వారం చూడండి. బురుజులు, గోడ, పైన మేడ, అన్నీ ఘనంగా ఉంటాయి. అది 2012లో కట్టింది. జనం దాని ముందు ఫోటోలు దిగి, ప్రాచీన నగరం చూశామని రాసుకుంటారు. ఎవరినైనా ఆపి, ఇది మీ ఫోన్ కంటే ఎన్నేళ్ళు పెద్దదో తెలుసా అని అడగాలనిపిస్తుంది నాకు. షాన్‌టాంగ్ వీధిలో దుకాణాల వరస కూడా చాలా వరకు ఈమధ్య తీర్చిదిద్దిందే. కొత్తది కట్టుకోవడం తప్పు కాదు, దానికి పాత వయసు అంటగట్టడం తప్పు.

కాలువగట్టు

నేను సుజౌలో ఆరేళ్ళు ఉన్నాను. పింగ్‌జియాంగ్ వీధికి నడిచి వెళ్ళేంత దూరంలో మా ఇల్లు. తోటల్లోకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రాతిమనిషి గారూ, షియాంగ్‌మెన్ గురించి మీతో నాకు పేచీ లేదు. కానీ ఆ ద్వారాన్నీ ఈ తోటల్నీ ఒకే గాటన కట్టకండి. అక్కడ పాతది ఏమీ మిగలకుండా పోయాక కొత్తది లేచింది. తోటల సంగతి వేరు.

ల్యూ యువాన్‌కి ఏం జరిగిందో ముందు చెప్తాను. జపాన్‌తో యుద్ధం రోజుల్లో, ఆ తర్వాతి అల్లకల్లోలంలో అది సైన్యం చేతికి పోయింది. హాళ్ళలో గుర్రాలు కట్టేశారు. అవి స్తంభాల్ని కొరికి కొరికి నడుం సన్నబడేలా చేశాయి. 1953లో బాగుచేయడానికి దిగినప్పుడు, పాడుబడ్డ వేరే పాత ఇళ్ళ నుంచి చెక్క సామాను సేకరించి వాడారు. పెన్నాతీరం గారూ, మీ నాన్నగారు చెయ్యి వేసిన స్తంభం వెనక కథ బహుశా ఇదే. ఇది మీ గైడ్ చెప్పి ఉంటే ఆయన ఆ బల్ల మీద కూర్చునేవారు కాదేమో.

స్తంభాలు మారాయి, నిజమే. మరి చెరువు? దాని గట్టు? రాళ్ళ గుట్టలు? ఆ తోటలో గువాన్‌యున్ ఫెంగ్ అనే రాయి ఉంది. ఆరున్నర మీటర్ల ఎత్తు, ఒకే రాయి, తాయ్ సరస్సు నుంచి తెచ్చింది. సరస్సు నీళ్ళు సున్నపురాయిని ఏళ్ళ తరబడి తొలిచి దానికా రూపం ఇచ్చాయి. అక్కడివాళ్ళు రాయిని నాలుగు గుణాలతో చూస్తారు: సన్నగా ఉండాలి, ముడతలు పడాలి, పైనుంచి కిందకి నీరు కారే దారులుండాలి, ఇటునుంచి అటు కనపడే బెజ్జాలుండాలి. వాన పడుతుండగా ఒకసారి దాని ముందు నిలబడ్డాను. పైన పడ్డ నీళ్ళు లోపలి దారులు పట్టుకుని ఒక బెజ్జంలోంచి సన్నటి ధారగా బయటికొచ్చాయి. మళ్ళీ లోపలికి వెళ్ళి, ఇంకో రెండు మూరల కిందుగా ఇంకోవైపు తేలాయి. ఆ రాయిని ఎవరూ 1953లో చెక్కలేదు.

ఇక అన్నిటికంటే పెద్దది జువోజెంగ్ యువాన్. పేరుకి అర్థం దాదాపు 'చేతకానివాడి పరిపాలన తోట'. రాజకీయాల్లో విసిగిపోయిన వాంగ్ షియాన్‌చెంగ్ అనే అధికారి ఊరికి తిరిగొచ్చి 1509లో మొదలుపెట్టాడు. చెట్లకి నీళ్ళు పోసుకుని, కూరగాయలు అమ్ముకుని బతకడమే చేతకానివాడు చేసే పరిపాలన అని ఒక పాత కవి రాసిన మాట నుంచి ఆ పేరు తీసుకున్నాడు. ఆయన పోయాక కొడుకు ఒక్క రాత్రి జూదంలో తోట పోగొట్టుకున్నాడని చెప్పుకుంటారు. తర్వాత చేతులు మారింది, ముక్కలైంది. పడమటి ముక్కని 1877లో ఒక ఉప్పు వర్తకుడు కొన్నాడు. అక్కడ ఒక హాలుకి నీలిరంగు అద్దాల కిటికీలు ఉంటాయి. నడివేసవిలో ఆ అద్దంలోంచి చూస్తే బయట ఆకులన్నీ మంచు పడ్డట్టు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు చెమటలు కారుతున్నా నాకు ఒళ్ళు చల్లబడింది. ఆ గాజు పలకలు 1509లో లేవు. మరి వాటిని తీసేసి తోటని 'అసలు' రూపానికి తేవాలా?

ఇంకో సంగతి. వెన్ జెంగ్‌మింగ్ అనే చిత్రకారుడు 1533లో ఈ తోట మీద 31 చిత్రాలు గీసి, వాటికి పద్యాలు రాశాడు. వాటిలో కనిపించే తోట ఇప్పటిలా ఉండదు. నీళ్ళు, పండ్లచెట్లు, అక్కడొకటి ఇక్కడొకటి పాక. మధ్య కాలంలో ఎన్నో మంటపాలు చేరాయి. ఈ ఐదు వందల ఏళ్ళలో ఏ ఏడాది తోటని అసలుది అందాం? నన్నడిగితే ఆగకుండా సాగిన ఆ సంరక్షణే దాని వయసు.

రాతిమనిషి

చక్కగా రాశారు. గుర్రాల సంగతి నాకు తెలియదు, బాధగా ఉంది. కానీ చివరికొచ్చేసరికి మీరే నా మాట ఒప్పుకున్నారు. 1533 చిత్రాల్లో ఉన్న తోట ఇప్పటిది కాదంటే, "ఇది 1509 తోట" అని చెప్పడం సగం నిజమే కదా? సంరక్షణ సాగింది అంటున్నారు, మరి ముక్కలైన కాలంలో, గుర్రాలు కట్టిన కాలంలో సంరక్షణ ఎక్కడ సాగింది?

నా కోరిక చిన్నది. ఏ స్తంభం ఎప్పటిది, ఏ పైకప్పు ఎవరు మార్చారు, తోటలోనే రాసి పెట్టాలి. చదివే ఓపిక ఉన్నవాడు చదువుకుంటాడు.

ఉలిచప్పుడు

మాది ఆళ్ళగడ్డ. మూడు తరాలుగా శిల్పం పనే. ఈ చర్చ నాకు ఇంటి సంగతిలా ఉంది.

శ్రీకాళహస్తి రాజగోపురం కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది, 2010 మే 26న కూలిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. అక్కడే కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. ఇప్పుడు గుడికి వెళ్ళేవాళ్ళు దానికి మొక్కుతారు, మొక్కాలి కూడా. కానీ అది రాయలవారి గోపురం అని మా నాన్న ఎప్పుడూ అనలేదు, ఎవరైనా అంటే ఊరుకోడు. ఆ మాటలో రాతిమనిషి గారి పక్షమే నేను.

ఇంకోవైపు పనివాడిగా ఒక మాట చెప్పాలి. సుజౌ దగ్గర షియాంగ్‌షాన్ అనే చోటి వడ్రంగులు, తాపీవాళ్ళు తరతరాలుగా ప్రసిద్ధులు. బీజింగ్ రాజప్రాసాదం పనిలో పేరు తెచ్చుకున్న క్వాయ్ షియాంగ్ ఆ ఊరివాడే. 1980లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సుజౌ ఇంటి పెరడు ఒకటి కట్టాలనుకున్నప్పుడు 27 మంది చైనా నిపుణులు, పనివాళ్ళు అక్కడికి వెళ్ళి నిలబెట్టారు. సుజౌలోని వాంగ్‌షీ యువాన్‌లో ఒక మూల ఉన్న చిన్న పెరడు దానికి నమూనా. ఆ పేరుకి మన భాషలో జాలరి తోట అనుకోవచ్చు. న్యూయార్క్‌లోది కొత్తదని అందరికీ తెలుసు, దాని విలువేమీ తగ్గలేదు. చేతిలో పని బతికి ఉంటే కర్ర మార్చడం నాకు తప్పుగా తోచదు. పని తెలిసిన చెయ్యి లేకుండా, సిమెంటుతో అచ్చు పోసి పాతదంటే మాత్రం కడుపు మండుతుంది. ల్యూ యువాన్‌లో గచ్చు చూశారా? గులకరాళ్ళు, పెంకులు, పగిలిన పింగాణీ ముక్కలు నిలువునా గుచ్చి కొంగలు, పువ్వులు తీస్తారు. ఒక్కో గులక మొన ఏవైపు తిరగాలో చెయ్యికి తెలియాలి. నాకు చూపిస్తే ఆ గచ్చు ముందే సగం రోజు కూర్చుంటాను.

వేపచెట్టు

చర్చ మధ్యలో అడ్డొస్తున్నాను, క్షమించండి. వచ్చే నెల మా అత్తమ్మతో సుజౌ వెళ్తున్నాం. ఆవిడకి డెబ్బై రెండు, మోకాళ్ళ నొప్పులు. ఒక్క తోట మాత్రమే చూడగలం. ఏది చూడమంటారు?

కాలువగట్టు

వేపచెట్టు గారూ, ఉలిచప్పుడు గారు చెప్పిన జాలరి తోటే. ఎకరం పైచిలుకు ఉంటుంది, కానీ చెరువు చుట్టూ నాలుగడుగులకోసారి దృశ్యం మారుతుంది, కూర్చోవడానికి చోట్లు ఉంటాయి. సింహాల వనం అనే ఇంకో తోటకి మాత్రం వద్దు. రాళ్ళ గుహల్లో వంగి దూరాలి, ఎక్కి దిగాలి. జువోజెంగ్ యువాన్ దాదాపు పదమూడు ఎకరాలు, పైగా విపరీతమైన జనం. టికెట్ ముందే పాస్‌పోర్ట్ వివరాలతో తీసుకోండి. మే మొదటి వారం, అక్టోబర్ మొదటి వారం అసలు పెట్టుకోకండి, అప్పుడు వాళ్ళకి సెలవులు. సుజౌ మ్యూజియం కూడా చూడాలనుకుంటే, సోమవారం మూసేస్తారు.

రాతిమనిషి గారూ, రాసి పెట్టాలన్న మాటకి నా రెండు చేతులూ ఎత్తుతాను. ఆ వివరాలు లేకపోలేదు. 1950ల్లో ల్యూ దున్‌జెన్ అనే వాస్తు చరిత్రకారుడు తన బృందంతో ఒక్కో తోట తిరిగి కొలతలు తీసి, పటాలు గీయించి పెట్టాడు. అవి చూసేవాళ్ళ కంటి ముందుకు రాకపోవడమే లోటు. ఊరి పటం కూడా ఉంది. 1229లో రాతి మీద చెక్కిన సుజౌ పటం అక్కడి కన్‌ఫ్యూషియస్ ఆలయంలో ఉంది. అందులోని చాలా కాలువలు ఇప్పటికీ అదే దారిలో పారుతున్నాయి. మా వీధి పక్క కాలువ ఆ రాతి మీద చూసిన రోజు నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను.

పెన్నాతీరం గారూ, మీ నాన్నగారు ఇంజినీరు కదా, ఆయన్ని పులి గుట్టకి తీసుకెళ్ళండి. అక్కడి ఇటుక గోపురం 961లో పూర్తయింది. ఏడంతస్తులు, 47 మీటర్లు. కింద మట్టి ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా ఉండటంతో ఒరిగింది, పై కొన రెండు మీటర్లకి పైగా పక్కకి జరిగింది. 1638లో పై అంతస్తు మళ్ళీ కట్టినప్పుడు వాలుకి ఎదురుగా సరిచేసి కట్టారు. 1980ల్లో పునాది చుట్టూ నేల లోతుకి కాంక్రీటు స్తంభాలు (పైల్స్) దింపి, మట్టిలోకి సిమెంటు పాలు ఎక్కించి నిలబెట్టారు. పైన 1638 పని, కింద 1980ల కాంక్రీటు. దాన్ని వెయ్యేళ్ళ గోపురం కాదని ఎవరైనా అంటారా?

రాతిమనిషి

అనను. అక్కడ వెయ్యేళ్ళ ఇటుక వెయ్యేళ్ళుగా బరువు మోస్తోంది. ల్యూ యువాన్ హాల్లో ఆ బరువు మోస్తున్న స్తంభం వేరే ఇంటిది. నాకు తేడా అక్కడే ఉంది, ఆ ఒక్కటీ వదులుకోలేను. రాయి, చెరువు, గచ్చు విషయంలో మాత్రం మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను.

పెన్నాతీరం గారూ, పాన్‌మెన్ కూడా చూడండి. ఇప్పుడున్న ద్వారం 1351 నాటిది. నేల మీద నడిచేవాళ్ళకి ఒక ద్వారం, పక్కనే పడవలకి నీటి ద్వారం. కోటగోడ అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది.

పెన్నాతీరం

నిన్న రాత్రి ఈ చర్చంతా నాన్నకి వీడియో కాల్‌లో చదివి వినిపించాను. గుర్రాలు స్తంభాలు కొరికిన దగ్గర ఆపమన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ అమ్మాయి నాకది చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఇంకా 1593 తోట అని ఒప్పుకోలేదు. కానీ గోపురం పునాది గురించి మూడుసార్లు అడిగారు, పైల్స్ లోతు ఎంత, రాతిదాకా దింపారా అని.

నవంబర్‌లో మళ్ళీ వస్తామంటున్నారు. ఈసారి గైడ్ వద్దట. పాన్‌మెన్ గురించి ఆయన అడగమన్న ప్రశ్న ఇది: నీటి ద్వారంలో పైనుంచి దింపే తలుపుకి రాతిలో గాడి కోసి ఉంటారు కదా, దాన్ని దగ్గరనుంచి, చెయ్యి పెట్టి చూడనిస్తారా? కాలువగట్టు గారూ, మీకు తెలిస్తే చెప్పండి.