బండి చప్పుడు మనమే వెతుక్కోవాలా, మెకానిక్‌కే వదిలేయాలా?

కూకట్‌పల్లి కుర్రాడు:
నాది 150 సీసీ బండి. ఆరేళ్లయింది, 48 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి. నెల రోజులుగా 20, 30 స్పీడులో పోతుంటే కింద నుంచి టక్... టక్... టక్ అని వస్తోంది. 40 దాటితే ట్రాఫిక్ గోలలో కలిసిపోతుంది. ఎప్పుడూ ఇచ్చే షాపులో స్టాండేసి రెయిజ్ చేసి చూశారు, రాలేదు. రాకపోయినా ముందు చక్రం బేరింగులు, వెనక బ్రేక్ షూలు మార్చి 1,800 తీసుకున్నారు. చప్పుడు అలాగే ఉంది. ఇప్పుడేమో టైమింగ్ చైన్, అదే ఇంజన్ లోపలి చైన్ అంటున్నాడు, నాలుగైదు వేలవుతుందట. ఇలాంటివి మనమే కూర్చుని వెతుక్కోవాలా, ఇంకో మెకానిక్‌ని చూసుకోవాలా? మా రూమ్మేట్ "నీకెందుకురా, ఇచ్చెయ్" అంటాడు. ఇచ్చే కదా 1,800 పోగొట్టుకున్నది!

సికింద్రాబాద్ పెద్దాయన:
మీ రూమ్మేట్ మాటే నా మాట బాబూ. చప్పుడు పుట్టేది ఒకచోట, వినిపించేది ఇంకోచోట. ఫ్రేమంతా ఇనుప గొట్టాలే కాబట్టి వెనక పుట్టింది ట్యాంకు కిందకి వచ్చి మోగుతుంది. పైగా నెత్తిన హెల్మెట్. ఒకసారి నా బండికి హ్యాండిల్ దగ్గర కణకణమని మొదలైంది. కోన్ సెట్, అదే హ్యాండిల్ తిరిగే బేరింగు, పోయిందనుకున్నా. మూడు ఆదివారాలు కూర్చున్నానండీ. సీటు తీశా, ట్యాంకు దించా, హెడ్‌లైటు విప్పా. తీరా చూస్తే ఇంటి తాళాల గుత్తి! బండి తాళానికే వేలాడుతూ, గుంతలో పడ్డప్పుడల్లా హ్యాండిల్ క్లాంపుకి కొట్టుకుంటోంది. ట్యాంకు మళ్లీ బిగించాక రెండు బోల్టులు మిగిలాయి, అవి ఎక్కడివో నాకిప్పటికీ తెలీదు. అందుకే అంటున్నా, మన పని కాదు.

ఉప్పల్ అక్క:
పెద్దాయనా, మీ కథ మీకే ఎదురు తిరిగింది. బండి మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు ఇంటి తాళాలు తీసుకునే ఇస్తాం కదా? మరి ఆయనకి ఆ చప్పుడు జన్మలో వినిపించేదా? మీరు కాబట్టే దొరికింది. కాకపోతే పానా పట్టకముందు చెవి పెట్టాల్సింది.

తమ్ముడూ, పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బయలుదేరు. 30లో పోతూ క్లచ్ పట్టేసి బండిని జారనివ్వు. చప్పుడు ఆగిపోతే ఇంజన్ వైపు చూడు, అలాగే వస్తుంటే చక్రాల వైపు. బ్రేక్ కాస్త నొక్కినప్పుడు మారితే ప్యాడ్లో షూలో. గుంతల్లోనే వస్తే కోన్ సెట్టో, శారీ గార్డో, రివెట్లు వదులైన నంబర్ ప్లేటో. ఇంకోటి, ఫ్లైఓవర్ పిట్టగోడ పక్కగా పోయినప్పుడు చెవి పెట్టు. గోడకి తగిలి ఆ పక్క చప్పుడు తిరిగొస్తుంది. మన బండ్లలో చాలావాటికి చైన్ ఎడమ పక్కే, సైలెన్సర్ కుడి పక్క. ఎడమ గోడ దగ్గర పెద్దగా వినిపించిందంటే సగం పని అయినట్టే. వంగి కిందకి మాత్రం చూడకు. ఆ పని చేయబోయి హబ్సిగూడలో మెట్రో పిల్లర్ దాకా వెళ్లొచ్చాను నేను.

మూసాపేట మెకానిక్:
18 ఏండ్ల సంది షాపు నడుపుతున్న, నేను గూడ ఒక మాట చెప్త. అక్క చెప్పింది సగం కరెక్టు. క్లచ్ పడితే ఇంజన్ తెగుతది గని, బండి గేర్ల ఉంటె చైన్ తిరుగుతనే ఉంటది, గేర్ బాక్సుల గేర్లు గూడ తిరుగుతనే ఉంటయి. గందుకే క్లచ్ పట్టినా వస్తుందంటే చక్రమే అని ఫిక్స్ కావొద్దు.

ఇగ స్టాండు ముచ్చట. స్టాండు మీద వెనుక చక్రం గాల్ల ఉంటది, బరువుండది, లోడుండది. రోడ్డు మీద వచ్చే చప్పుడు ఆడ ఎట్ల వస్తది? నేనైతె కస్టమర్‌ని వెనుక కూసోబెట్టుకుని ఒక రౌండు పోత. ఆయనకు చప్పుడు ఎరుక, నాకు బండి ఎరుక. గని అందరు కూసోరు. వీడియోలు చూసొచ్చి "అన్నా, టాపెట్ టైట్ చెయ్యి" అని తాళం ఇడిసిపెట్టి పోతరు. టాపెట్ అంటె ఇంజన్ల వాల్వును నొక్కేది, జరంత మోగాలె. చప్పుడు పోవాలని మొత్తం టైట్ జేస్తే వాల్వు సక్కగ మూసుకోదు, కాలిపోతది. అప్పుడు మళ్ల మా మీదనే కోపం. ఏది పోయిందో మాకు చెప్పొద్దు. ఎప్పుడు వస్తుందో చెప్పండి, సాలు.

సికింద్రాబాద్ పెద్దాయన:
చూశారా, ఆయన కూడా నా మాటే అంటున్నాడు.

ఉప్పల్ అక్క:
అనట్లేదు! "ఎప్పుడు వస్తుందో చెప్పండి" అంటున్నాడు. అది చెప్పాలంటే మనమే వెతకాలిగా.

గచ్చిబౌలి లెక్కలోడు:
ఎప్పుడు, ఎక్కడ అన్నవి సరే. ఎన్నిసార్లు అని ఎవరూ అడగరేంటి? భయ్యా, నీ టక్ టక్ లెక్కపెట్టేంత నిదానంగా వస్తోందా? ఫోను గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టి రికార్డు చెయ్. బయట పెడితే గాలి హోరు తప్ప ఏమీ రాదు. సరిగ్గా 30లో 10 సెకన్లు పోయి, ఇంటికొచ్చాక లెక్కపెట్టు.

కూకట్‌పల్లి కుర్రాడు:
చేశా. రెండుసార్లు చేశా. 10 సెకన్లకి 14. గోడ దగ్గర కూడా చూశా అక్కా, ఎడమ వైపే గట్టిగా ఉంది. క్లచ్ పట్టినా ఆగలేదు.

గచ్చిబౌలి లెక్కలోడు:
అయితే నీ నాలుగైదు వేలు మిగిలినట్టే. 17 అంగుళాల చక్రానికి టైరుతో కలిపి చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ. 30 స్పీడంటే సెకనుకి ఎనిమిది మీటర్ల పైచిలుకు. చక్రం సెకనుకి నాలుగు చుట్లు దాటి తిరుగుతుంది, 10 సెకన్లకి 43 వేసుకో. స్పీడు మీటరు కాస్త ఎక్కువ చూపిస్తుందనుకున్నా పెద్ద తేడా రాదు. చప్పుళ్లు 14. అంటే మూడు చుట్లకి ఒకటి. చక్రంలోనే ఏదో తగులుతుంటే చుట్టుకొకటి రావాలి.

ఇంజనా? ఐడిల్‌లోనే నిమిషానికి 1,400 చుట్లు, అంటే సెకనుకి 23. టైమింగ్ చైన్ తిప్పే క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) అందులో సగం. అది గరగరమంటుంది గానీ వేళ్ల మీద లెక్కపెట్టేలా టక్, టక్ అనదు. చక్రం కన్నా నిదానంగా ఒక చుట్టు పూర్తి చేసేది వెనక చక్రాన్ని తిప్పే బయటి చైన్ ఒక్కటే. వెనక స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) పళ్లు, చైన్ లింకులు లెక్కపెట్టి చెప్పు.

సికింద్రాబాద్ పెద్దాయన:
పెళ్లి ముహూర్తానికి కూడా ఇన్ని లెక్కలు వేయలేదయ్యా మేము.

మూసాపేట మెకానిక్:
లెక్క మంచిగనే ఉంది. మేం గింత లెక్క జెయ్యం, చేతితోటి తిప్పి చూస్తం. తమ్మీ, చూసేటప్పుడు ఇంజన్ ఆపి, న్యూట్రల్‌ల పెట్టి చూడు. ఫస్ట్ గేరేసి ఇంజన్ ఆన్‌ల ఉంచి గుడ్డతోటి చైన్ తుడుస్తరు కొందరు. గుడ్డతోటి వేలు గూడ పోతది. నేను కండ్లార చూసిన.

కూకట్‌పల్లి కుర్రాడు:
పళ్లు 40. లింకులు 120. పంటికో లింకు చొప్పున చక్రం మూడు చుట్లకి చైన్ ఒక చుట్టు. మూడుకి మూడు సరిపోయింది!

సెంటర్ స్టాండేసి టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టా, చైన్‌లో ఒక లింకుకి కూడా. చేత్తో మెల్లగా తిప్పుతూ పోయా. మొదటి చుట్టు ఏమీ లేదు. రెండో చుట్టులో కింది వరసలో ఒక లింకు కనిపించింది. మిగతావన్నీ సాఫుగా సాగి వస్తుంటే ఇదొక్కటి మోకాలు మడిచినట్టు వంకరగానే వచ్చింది. వెనక స్ప్రాకెట్ ఎక్కేటప్పుడు టక్. మళ్లీ మూడు చుట్లు తిప్పా, అదే లింకు, అదే టక్. దగ్గరగా చూస్తే పిన్ను చుట్టూ కుంకుమ రంగులో తుప్పు. మొన్నటి వానకి మియాపూర్ దగ్గర మోకాలి లోతు నీళ్లలో బండి తోసుకొచ్చా, తర్వాత చైన్ వైపు చూడనే లేదు. కిరోసిన్, బ్రష్షుతో కడిగి, ఆ లింకుని అటూ ఇటూ ఆడించి 90 నంబర్ గేర్ ఆయిల్ వేశా. ఇవాళ ఆఫీసుకి పోయొచ్చా. చప్పుడు లేదు.

ఉప్పల్ అక్క:
శభాష్! పెట్రోలుతో కడగలేదు కదా? రింగుల చైన్ అయితే పెట్రోలుకి ఆ రబ్బరు రింగులు పాడైపోతాయి.

సికింద్రాబాద్ పెద్దాయన:
సరే, దొరికింది. కానీ నలుగురు కూర్చుని నాలుగు రోజులు లెక్కలు చెప్తే దొరికింది. అందరికీ మీలాంటి వాళ్లు దొరుకుతారా? మంచి మెకానిక్ ఒక్కడు దొరికితే చాలు, అదే నేననేది.

మూసాపేట మెకానిక్:
పెద్దమనిషి మాట గూడ తీసెయ్యలేం. గని తమ్మీ, సంబరపడకు. పట్టేసిన లింకు నూనె తాగి కొన్ని దినాలు ఊకుంటది, మళ్ల పడుతది. 48 వేలు ఒక్క చైన్ మీదనే తిరిగినవా? అట్లయితె కిట్టు మొత్తం మార్చాలె, చైన్, రెండు స్ప్రాకెట్లు. ఒక్క చైనే మారిస్తే పాత పళ్లు కొత్త చైన్‌ని తినేస్తయి.

కూకట్‌పల్లి కుర్రాడు:
20 వేల దగ్గర ఒకసారి కిట్టు మార్పించానన్నా. పళ్లు ఇంకా వంగలేదు. ఇంకో రెండు నెలలు చూస్తా.

గచ్చిబౌలి లెక్కలోడు:
చూడటం ఎందుకు? చైన్ ఎంత సాగిందో 20 లింకుల పొడవు కొలిచి, మాన్యువల్‌లో రాసిన పరిమితి దాటిందో లేదో చూసుకో. దాటకపోతే కిట్టు దండగ.

మూసాపేట మెకానిక్:
కొలుసు, మంచిదే. పొడవు సక్కగనే ఉన్నా తుప్పు పట్టిన లింకు తుప్పు పట్టినట్టే, అది టేపుకు దొరకది. ఆదివారం మధ్యాహ్నం దాక షాపు తీసే ఉంటది. ఒక రౌండు పోయి చూద్దం. ఇంటి తాళాలు మాత్రం బండికే ఉంచుకుని రా.