జెస్ట్ అప్‌డేట్ చేశాక టెస్టులన్నీ ఫెయిల్: జేఎస్‌డామ్ సెటప్ ఎలా చేశారు?

గోదావరి_కోడర్:
పాత ప్రాజెక్టులో జెస్ట్‌ను (జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే టూల్) వెర్షన్ 26 నుంచి 29కి మార్చాం. నిన్నటిదాకా పాసైన టెస్టులు "డాక్యుమెంట్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అని ఆగిపోతున్నాయి. కోడ్‌లో ఒక్క లైనూ ముట్టుకోలేదు. రిలీజ్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా వచ్చిందా?

శ్రీను_క్యూఏ:
మాకూ అచ్చం ఇదేనండి. 26 వరకు మనం ఏమీ చెప్పకపోయినా జెస్ట్ జేఎస్‌డామ్‌లోనే, అంటే బ్రౌజర్ పేజీని అనుకరించే లైబ్రరీలోనే, టెస్టులు నడిపేది. 2021లో వచ్చిన 27 నుంచి డిఫాల్ట్ నోడ్ అయింది, అందులో బ్రౌజర్ డాక్యుమెంట్ ఉండదు. 28 నుంచైతే జేఎస్‌డామ్ ఎన్విరాన్‌మెంట్ ప్యాకేజీ జెస్ట్‌తో పాటు రాదు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మీ జెస్ట్ 29 కాబట్టి అదీ 29దే తీసుకోండి. కాన్ఫిగ్‌లో టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ దగ్గర జేఎస్‌డామ్ అని రాయండి.

మాధవి_ఫ్రంటెండ్:
అన్ని ఫైళ్లకూ ఎందుకు? తేదీలు, ధరలు లెక్కకట్టే ఫంక్షన్లకు డామ్‌తో (పేజీలోని ఎలిమెంట్ల ట్రీ) పనేముంది? నోడ్‌లోనే ఉంచితే త్వరగా అయిపోతాయి. బటన్లు, ఫారాలు ఉన్న ఫైళ్లకు మాత్రం అన్నిటికంటే పైన, ఇంపోర్టుల కంటే ముందు, కామెంట్‌లో జేఎస్‌డామ్ కావాలని చెప్తే సరిపోతుంది.

గోదావరి_కోడర్:
థాంక్స్ మాధవి గారూ, చాలావరకు పాసయ్యాయి. ఇంకా రెండు మిగిలాయి. ఒకదాంట్లో మ్యాచ్‌మీడియా (స్క్రీన్ సైజు లాంటివి అడిగే బ్రౌజర్ సదుపాయం) ఫంక్షన్ కాదంటోంది. డ్రాప్‌డౌన్ టెస్టులో మెనూ వెడల్పు ఎప్పుడు చూసినా సున్నాయే.

రఫీ_జేఎస్:
మ్యాచ్‌మీడియా జేఎస్‌డామ్‌లో లేనే లేదు. సెటప్ ఫైల్లో మీరే ఒక డమ్మీ పెట్టుకోండి: మ్యాచెస్ ఫాల్స్‌గా, లిజనర్లు ఖాళీ ఫంక్షన్లుగా ఉన్న ఆబ్జెక్ట్‌ను రిటర్న్ చేస్తే చాలు. రీసైజ్ అబ్జర్వర్ (ఎలిమెంట్ సైజు మారితే చెప్పేది) వాడుతుంటే దానికీ అంతే.

సున్నా సంగతి వేరు. జేఎస్‌డామ్ హెచ్‌టీఎంఎల్ చదివి డామ్ ట్రీ కడుతుంది, క్లిక్ చేస్తే ఈవెంట్ నడుపుతుంది, కానీ పేజీని గీయదు. ఏ ఎలిమెంట్ ఎక్కడుంది, ఎంత వెడల్పుంది అన్న లెక్కే దాని దగ్గర ఉండదు. కొందరు అక్కడ డమ్మీగా 200 పెట్టి పాస్ చేయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రేపు మెనూ స్క్రీన్ దాటి బయటికి పోయినా ఆ టెస్ట్ పాసనే చెప్తుంది. ఆ ఒక్కదాన్నీ ప్లేరైట్‌తో (బ్రౌజర్‌ను ఆటోమేటిక్‌గా నడిపే టూల్) అసలు బ్రౌజర్లో నడపండి.

కిరణ్_యూఐ:
జేఎస్‌డామ్ బదులు అలాంటిదే అయిన హ్యాపీ డామ్‌కి మారితే వెడల్పు వస్తుందా అన్నా?

రఫీ_జేఎస్:
రాదు తమ్ముడూ. వేగం కోసమైతే మారొచ్చు. లేఅవుట్ దాంట్లోనూ లేదు.

శ్రీను_క్యూఏ:
ఇంకొకటి. జెస్ట్ ప్రతి టెస్ట్ ఫైలుకూ కొత్త డాక్యుమెంట్ ఇస్తుంది, కానీ ఒకే ఫైల్లోని టెస్టులన్నీ దాన్నే పంచుకుంటాయి. విడిగా నడిపితే పాసై, కలిపి నడిపితే ఫెయిలవుతుంటే ముందు ఇదే చూడండి. ఆఫ్టర్ ఈచ్‌లో (ప్రతి టెస్ట్ అయ్యాక నడిచేది) డాక్యుమెంట్ బాడీని ఖాళీ చేయండి.