కళింగపట్నం దగ్గర మా పేట ఎప్పుడు పుట్టిందో ఎలా తెలుస్తుంది?

గార కుర్రోడు:
మాది సముద్రపొడ్డున చేపల వేట చేసే వాడబలిజల పేట. గంగమ్మ గుడి కొత్తగా కడుతున్నారు. గోడకి ఊరి చరిత్ర చెక్కించి రాయి పెడదామని కుర్రాళ్లం అనుకున్నాం. మావాడొకడు నెట్‌లో చూసి ‘రెండు వేల ఏళ్ల నాటి రేవు, రోమ్‌తో వ్యాపారం’ అని రాసేశాడు. అది చదివి వినిపిస్తే మా తాత, "రోమ్ గొడవ మనకెందుకురా, పెద్దవల ఎవరిదో రాయండి" అన్నాడు. మా వాళ్లు భీమిలి వైపు నుంచి వచ్చారంటాడు. ఎప్పుడంటే ‘కరువులో’ అంటాడు. తాత పుట్టిన ఇంటి జాగా ఇప్పుడు నీళ్లలో ఉంది. పాత కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

పలాస జీడిపప్పు:
శాలిహుండం రాసేయండి బ్రో. 1919లో గిడుగు రామమూర్తి గారు బయటపెట్టిన బౌద్ధ క్షేత్రం. టూరిస్టులొస్తారు.

రిటైర్డ్ మాస్టారు:
శాలిహుండం గొప్పదే బాబూ, కాదనను. కానీ అది వంశధార పక్కన కొండ మీద భిక్షువులు ఉన్న చోటు. మీ పేట కథ వేరు.

చాలామంది విశాఖ జిల్లా రికార్డులు తిరగేసి ఏమీ లేదని వదిలేస్తారు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా విడిపోయేదాకా మన వైపంతా గంజాం జిల్లా. శ్రీకాకుళం జిల్లా వచ్చిందే 1950లో. కాబట్టి 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్‌తో మొదలుపెట్టు. ఆపైన చెన్నై ఎగ్మోర్‌లో మద్రాసు ప్రభుత్వపు పాత దస్త్రాలున్నాయి. అయితే ఒకటి, వాటిలో ఓడలు, సరుకు, సుంకం కనిపిస్తాయి గానీ తెడ్డు వేసినవాడి పేరు కనిపించదు.

ఆ తెడ్డు వేసింది మీవాళ్లే. కళింగపట్నంలో స్టీమర్లు ఒడ్డుకి వచ్చేవి కావు, దూరంగా లంగరు వేసేవి. మూటలు, మనుషులు అక్కడికి చేరాలంటే పడవే దిక్కు. పలకలకి మేకులుండవు, కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొడితే పలక కాస్త వంగుతుంది, మేకు కొట్టింది విరుగుతుంది. వల లాగిన చేతులే సరుకూ మోశాయన్నమాట. ఆ రోజుల్లో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లినవాళ్లూ ఇలాగే స్టీమరెక్కారు. మీ ఇంట్లో ఎవరైనా వెళ్లారా, 1942లో జపాన్ వాళ్లు బర్మాలోకి వచ్చాక నడిచి తిరిగొచ్చారా, తాతని అడుగు.

ఇక కరువంటావా, 1866ది ఒకటుంది, 1876–78ది ఇంకొకటి. తాతకి తన తాత పేరు, ఆయన ఎక్కడ పుట్టాడో తెలిస్తే తరాల లెక్క కట్టొచ్చు. నీళ్లలో పోయిన జాగాకి పాత గ్రామ నక్షా చూడు. దాన్ని ఇప్పటి తీరంతో పోల్చి చూస్తే అప్పటి సర్వే నంబర్లలో ఏవి సముద్రంలో కలిశాయో చాలావరకు తెలుస్తుంది.

ఎచ్చెర్ల అప్ప:
మాస్టారూ, మొత్తం మగాళ్లే ఉన్నారు మీ చరిత్రలో! మా అత్త నెత్తళ్లు ఎండబెట్టి, గంప నెత్తినెట్టుకుని శ్రీకూర్మం దాకా నడిచి ధాన్యానికి మార్చుకొచ్చేది. వేట లేని రోజుల్లో ఇల్లు గడిచింది ఆ గంపతోనే. ఇప్పుడు మగాళ్లంతా గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉన్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లు మన జిల్లా, విజయనగరం జిల్లా వాళ్లని పట్టుకుపోతే 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర వదల్లేదు. అన్నాళ్లూ ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆడవాళ్లే. పాతది ఒక్కటే రాసి ఇది వదిలేయకండి.

గార కుర్రోడు:
అప్పా, రాస్తాం. తాతని అడిగా. వాళ్ల చిన్నాన్న రంగంలో మిల్లులో చేశాడట, తిరిగి రాలేదు. ఈ సంగతి మా నాన్నకే తెలీదు! మాస్టారూ, నక్షా నకలుకి అర్జీ ఎక్కడ పెట్టాలి?

రిటైర్డ్ మాస్టారు:
ముందు మండల సర్వేయర్‌ని కలువు. పాతవి అక్కడ లేకపోతే శ్రీకాకుళంలో జిల్లా సర్వే ఆఫీసు. గ్రామం పేరు పాత రెవెన్యూ గ్రామానిది రాయి, పేట పేరుతో వెతికితే దొరకదు.