మర్రి బోన్సాయ్ ఆకులు మాడి రాలుతున్నాయి, నీళ్లు చాలడం లేదా?

మిద్దెతోట_బెజవాడ:
నమస్తే అండి. మాది విజయవాడ, మూడంతస్తుల పైన డాబా. లోతు లేని నల్ల ప్లాస్టిక్ ట్రేలో మర్రి బోన్సాయ్ ఉంది. ఉగాది దాకా నిగనిగలాడింది. ఇప్పుడు ఆకుల అంచులు మాడి, రోజూ గుప్పెడు రాలుతున్నాయి. పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తూనే ఉన్నా. పోసినవి పోసినట్టే కింద నుంచి వచ్చేస్తున్నాయి, అంటే బాగానే తడుస్తున్నట్టే కదా? పక్కనున్న జూనిపర్ చెట్టు కూడా పాలిపోయింది. నర్సరీ అబ్బాయి ఎరువు వేయమంటున్నాడు. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే టెన్షన్ మొదలైంది.

పచ్చాకు:
గ్రీన్ నెట్ కట్టేయండి. 50 శాతం నీడనిచ్చేది చాలు. 90 శాతంది కడితే వెలుతురు చాలక కొమ్మలు సాగిపోతాయి.

కుండీలో_మర్రి:
నెట్ మంచిదే, కానీ ముందు ట్రే సంగతి చూడండి. నీళ్లు వెంటనే కిందికి వచ్చేస్తున్నాయంటే తడిసినట్టు కాదు, అసలు తడవడం లేదని. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కువున్న మట్టి ఒకసారి బొత్తిగా ఎండితే నీటిని పట్టదు. కుంచించుకుపోయి అంచు దగ్గర సందు పడుతుంది, నీళ్లన్నీ అందులోంచి జారిపోతాయి. అగరుబత్తి కాలిపోయాక మిగిలిన పుల్లను మొదలు దగ్గర గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. పొడిగా వస్తే అదే జబ్బు.

టబ్బులో నీళ్లు పట్టి, ట్రే అంచు మునిగేలా కూర్చోబెట్టండి. బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా కదపకండి. తర్వాత ఎత్తి, ఒక పక్కకు వాల్చి, నీరంతా కారిపోనివ్వండి. మట్టి మళ్లీ నీటిని పట్టడం మొదలెట్టాక ఈ స్నానం అక్కర్లేదు.

ఇక నల్ల ట్రే, అదీ నేరుగా డాబా మీద! మధ్యాహ్నం దాని అంచు పట్టుకుని చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. లోపల వేళ్ల గతీ అంతే. మట్టి అంత వేడెక్కితే తడి ఉన్నా వేళ్లు నీరు సరిగ్గా తీసుకోలేవు, ఆకు అంచు నుంచి మాడుతుంది. మర్రి ఎండకు భయపడే చెట్టా? రోడ్డు పక్కన హాయిగా నిలబడుతుంది. కాకపోతే అక్కడ వేళ్లు లోతున చల్లటి మట్టిలో ఉంటాయి. ట్రేని ఇటుకల మీదికి ఎక్కించండి, కింద గాలి ఆడాలి. చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి. చూడ్డానికి బాగోదు, ఉండనివ్వండి, ఎగ్జిబిషన్‌కి పంపడం లేదుగా. మెట్ల గదికి తూర్పు వైపు పెడితే పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం దాటాక నీడ పడుతుంది.

పైపులో ఎండకు కాగిన నీళ్లు మాత్రం పోయకండి. మొదట వచ్చేవి బకెట్‌లోకి వదిలేసి, చేత్తో తాకి చూసి పోయండి.

ఎరువు ఇప్పుడొద్దు. దాహంతో ఉన్న వేళ్లకు ఆ ఉప్పు తగిలితే మిగిలిన ఆకులూ పోతాయి. ట్రే మార్చడం, గట్టిగా కత్తిరించడం తొలకరి దాకా ఆపండి. కొమ్మను గోటితో కాస్త గీరండి. లోపల పచ్చగా ఉండి పాలు వస్తే చెట్టుకేం ఢోకా లేదు. ఆకు వెనక సన్నటి సాలెగూడు లాంటిది, దుమ్ములాంటి చుక్కలు కనబడితే అది ఎర్రనల్లి, రసం పీల్చే చిన్న పురుగు. నీళ్లు జోరుగా కొట్టి ఆకుల అడుగు కడగండి.

మదనపల్లె_కొమ్మ:
జూనిపర్ గురించి ఎవరూ చెప్పలేదు. అది చలిదేశాల చెట్టు, చలికాలం నిజంగా చల్లగా ఉండాలి. బెజవాడలో దాన్ని నిలబెట్టడం కష్టం. పైగా చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనబడి మోసం చేస్తుంది. ఆకు నలిపితే పొడిపొడిగా రాలుతోందంటే ఆశ వదులుకోండి. దాని బదులు చింత, జువ్వి, కాగితంపూల చెట్టు పెంచుకోండి, మన ఎండకు అలవాటు పడినవి.

మిద్దెతోట_బెజవాడ:
పుల్ల పొడిగానే వచ్చిందండి! టబ్బులో పెడితే బుడగలు ఆగడానికి చాలాసేపు పట్టింది. గీరితే పాలు వచ్చాయి. జూనిపర్ మాత్రం నలిపితే పొడైపోయింది. ఇంకొక్క మాట. వచ్చే వారం పెళ్లికి ఊరెళ్లాలి, నాలుగు రోజులు. ట్రేని పళ్లెం నిండా నీళ్లలో పెట్టి వెళ్లొచ్చా?

కుండీలో_మర్రి:
వద్దు. ఈ వేడికి ఆ నీళ్లు కాగి, వేళ్లు కుళ్లుతాయి. వెడల్పాటి బేసిన్‌లో తడి ఇసుక పోసి, ట్రే కింది రంధ్రాలు ఇసుకకు ఆనేలా పెట్టండి. డాబా మీద కాదు, వెలుతురు వచ్చే కింది వరండాలో. పైన ప్లాస్టిక్ కవర్ కప్పకండి. పక్కింటి పిల్లాడికి రోజుకు రెండుసార్లు పోయమని చెప్పి, మీ ముందే ఒకసారి పోయించండి. పిల్లలు పైపైన చల్లి వచ్చేస్తారు, కింద నుంచి నీళ్లు కారేదాకా పోయాలని చూపించి మరీ వెళ్లండి.