అప్‌డేట్: అరపూటకి తకెతోమి దీవికే వెళ్లాం

జపాన్‌లోని ఇషిగాకి దీవిలో అరపూట ఖాళీ ఉంది, అమ్మతో కబిరా తీరానికి వెళ్లాలా, తకెతోమి దీవికా అని అడిగాను కదా. ఎక్కువమంది తకెతోమి అన్నారు. అదే చేశాం, అందరికీ థ్యాంక్స్.

ఇషిగాకి రేవు నుంచి ఫెర్రీలో పావుగంట కూడా పట్టదు. అమ్మ మోకాళ్ల గురించి నాకున్న టెన్షన్ అంతా గేదెబండి ఎక్కగానే పోయింది. ఇరుకు సందుల్లో మలుపు వచ్చినప్పుడల్లా గేదె కాస్త ముందుకెళ్లి, వెనక చక్రం గోడకి తగలకుండా చూసుకుని తిరుగుతుంది. బండాయన పగ్గం వదిలేసి సన్షిన్ వాయిస్తూ పాడుతున్నారు. మూడు తీగల వాయిద్యం అది.

నాకు మాత్రం ఊరే బాగా నచ్చింది. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన పగడపు రాళ్ల గోడలు, తెల్ల ఇసుక దారులు, ఎర్ర పెంకుల మీద ఇంటికి కాపలాగా పెట్టే షీసా సింహాల బొమ్మలు. తుపాను గాలికి లేచిపోకుండా పెంకుల సందుల్లో తెల్లటి సున్నం మెత్తారు. గేటు దాటగానే ఎదురుగా ఇంకో అడ్డుగోడ. దుష్టశక్తులు నేరుగా లోపలికి రాకుండానట. మన వీధిపోటు నమ్మకం లాంటిదే అంది అమ్మ. 1987 నుంచి ఈ ఊరు రక్షిత ప్రాంతం.

కైజి తీరంలో అరచేతిని ఇసుకలో అదిమితే నక్షత్రాల్లాంటి రేణువులు అంటుకుంటాయి. అవి సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు. అక్కడ ఈత మాత్రం వద్దు, ప్రవాహం ఎక్కువ.

శాకాహారులైతే తిండి వెంట తీసుకెళ్లండి. అక్కడి సోబా (నూడుల్స్) పులుసు పంది ఎముకలతో చేస్తారు.