బోర్గె మోగెన్సెన్ కుర్చీని మన దగ్గర చేయించవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
నమస్కారమండి. సామాన్యులు కొనుక్కోగల మంచి కుర్చీ కోసం డెన్మార్క్ డిజైనర్ మోగెన్సెన్ ఏళ్ల తరబడి పనిచేశారని మా అబ్బాయి చెప్పాడు. ఆయన ధరను ఎలా తగ్గించగలిగారు? అటువంటిది ఇక్కడి వడ్రంగి చేయగలడా?

జవాబు (గవర్నరుపేట, విజయవాడ)
మోగెన్సెన్ (1914–1972) ముందు వడ్రంగం నేర్చి, ఆ తరువాతే కోపెన్‌హాగన్‌లో ఫర్నిచర్ డిజైనర్ కారె క్లింట్ వద్ద చదువుకున్నారు. 1942 నుంచి 1950 వరకు ఎఫ్‌డీబీ అనే వినియోగదారుల సహకార సంస్థలో ఫర్నిచర్ డిజైన్ విభాగానికి ఆయనే అధిపతి. అక్కడ 1947లో రూపొందించిన జె39 కుర్చీలో, అమెరికాలోని షేకర్లు అనే క్రైస్తవ వర్గం వారి నిరాడంబరమైన ఫర్నిచర్ ప్రభావంతో, యంత్రం మీద తిప్పుతూ సులువుగా చెక్కగల గుండ్రని కాళ్లు, కొద్దిగా వంచిన వెడల్పాటి వీపు పలక, కాగితపు తాడుతో అల్లిన ఆసనం తప్ప అలంకారమంటూ ఏదీ లేదు; ధర తగ్గించగలిగింది అలాగే. ఆయన పేరుమోసిన సోఫాలకంటే నాకు ఇదే గొప్ప పనిగా కనిపిస్తుంది.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)
తప్పకుండా చేయవచ్చండి. అయితే ఆ కుర్చీకి వాడే బీచ్ (యూరప్‌లో పెరిగే ఒక చెట్టు) కర్ర తేమకు ఉబ్బుతుంది కాబట్టి, కృష్ణ ఒడ్డున ఉండే మనకు బాగా ఆరిన టేకు మేలు. కాగితపు తాడుకు బదులు మన మంచాలకు వాడే నవ్వారు అల్లించండి; సాగినప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు. వీపు పలక వంపు దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు, ఎందుకంటే కూర్చున్నవారి నడుముకు సుఖం అక్కడే తేలుతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. ముందుగా ఒక్క కుర్చీ చేయించి, మా నాన్నగారిని కూర్చోబెట్టి చూశాకే మిగతావి చెబుతాను.